పలకరింపు కోసం బట్టీపట్టిన నాలుగు వాక్యాలు

నా ఉద్యోగం అనుమానించడం. పలమనేరు దగ్గర ఒక పాలకేంద్రంలో, వెనకగదిలో, పదహారేళ్ళుగా పాలు పరీక్ష చేస్తున్నాను. ముందువైపు క్యాన్లు దింపుతారు, తూకం వేస్తారు, అరుచుకుంటారు, నవ్వుకుంటారు. నా దగ్గరికి మాత్రం చిన్న సీసాల్లో పాలు ఒక కిటికీ గుండా వస్తాయి. సీసా మీద నంబరు తప్ప పేరుండదు. నీళ్ళు కలిపారా, చక్కెర కలిపారా, గంజి కలిపారా అని చూసి, కాగితం మీద రాసి, అదే కిటికీలోంచి బయటికి నెట్టేస్తాను. చిక్కగా, తెల్లగా, కంటికి ఇంపుగా ఉన్న పాలనే నేను అన్నిటికంటే ఎక్కువగా అనుమానిస్తాను. గంజి ఎక్కువగా దొరికేది వాటిలోనే.

ఆ గదికి కిటికీ ఒకటే, లోపల కుర్చీ ఒకటే. అలాంటి చోటు దొరకడం నా అదృష్టం, ఎందుకంటే నాకు మనుషులంటే భయం. అందరూ దీన్ని సిగ్గు అంటారు. సిగ్గే అయితే నలభై దాటేసరికి కాస్తన్నా అరిగిపోయి ఉండాలి కదా. నలుగురున్న గదిలోకి వెళ్ళాలంటే ముందురోజు నుంచే మానేయడానికి సాకులు వెతుక్కుంటాను. మెడ ఎర్రబడుతుంది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణకడం చూస్తారని, కాఫీ అలవాటు లేదని అబద్ధం చెబుతాను. పక్కగదిలో ఎవరైనా నవ్వితే ఆ నవ్వు నా గురించేనని నాకు ఖాయంగా తెలుసు. బస్టాండులో తెలిసిన మొహం కనిపిస్తే స్తంభం చాటుకు పోయి, ఆ బస్సు కదిలాక తర్వాతిది ఎక్కుతాను. ఇదంతా తెలియనివాళ్ళు నాకు పొగరనుకుంటారు. అనుకోనీ, పొగరుబోతును పలకరించడానికి ఎవరూ రారు.

కేంద్రంలో నాకున్న ఒకే ఒక్క మనిషి తూకం దగ్గర పనిచేసే అక్క. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పుట్టిల్లు పాకాల. ఎవరింట్లో శుభకార్యమైనా కిటికీ దగ్గరికొచ్చి "ఏం మే, లెయ్, పోదాం" అనేది. నేను నసిగితే లోపలికే వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. దారిలో నాకు పని అప్పజెప్పేది. "సూడు, పెండ్లికూతురు సీర బాగుండాదని ఒగ మాట నువ్వు సెప్పు. అంతే. మిగిలిందంతా నేను మాట్లాడుకుంటా." ఆ ఒక్క మాటా చెప్పేసి నేను ఆమె వీపు వెనక నిలబడేదాన్ని. కొన్నేళ్ళకు ఒక మాట రెండు మాటలైంది, రెండు మూడయ్యాయి. పండగ పూట తనతో పాటు పాకాలకు కూడా రెండుసార్లు తీసుకువెళ్ళింది. రెండోసారి వాళ్ళమ్మ నన్ను పెళ్ళి గురించీ జీతం గురించీ ఏమీ అడగకుండా, ముందొక చేట చిక్కుడుకాయలు పోసి ఒలవమంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గంటసేపు ఒలిచాం. పరాయి ఇంట్లో నాకు ఊపిరాడిన గంట అదొక్కటే.

గతేడాది నా ఫోనులోకి ఒక చాట్‌బాట్ వచ్చింది. నేను పిలవలేదు. ఫోను తనంతట తానే ఏవేవో మార్చుకున్న ఒక ఉదయం చూస్తే తెర మీద కొత్త గుండ్రటి బొమ్మ ఒకటి కూర్చుని ఉంది. ఏదడిగినా తెలుగులో జవాబిస్తుందని ముందుగదిలో చెప్పుకుంటుంటే విన్నాను. పిలవకుండా వచ్చి, ఊరికే పని చేసిపెడతాననేవాళ్ళ మీద నాకు మంచి అభిప్రాయం లేదు. వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, అన్నం డబ్బా మూసేసి, దానికి పరీక్ష పెట్టాను.

మొదట నిజం చెప్పాను. మా వీధిలో బట్టలు కుట్టే ఆమె నా జాకెట్టు బిగుతుగా కుట్టింది, వదులు చేయమని అడగడానికి భయమేసి పదిరోజులుగా ఆ వైపు నడవడమే మానేశాను అని రాశాను. "మీకు అలా అనిపించడం సహజమే" అని ఎంతో మర్యాదగా మొదలుపెట్టింది. బాగానే ఉంది. తర్వాత అబద్ధం చెప్పాను. పక్కింటామె మా గోడ మీద బట్టలు ఆరేసిందని ఆమెను చెంప మీద కొట్టానన్నాను. "మీ కోపాన్ని అర్థం చేసుకోగలను" అని దానికీ అంతే మర్యాదగా మొదలుపెట్టింది. కొట్టకూడదని ఆ తర్వాత మెత్తగా చెప్పింది లెండి. కానీ నీళ్ళ పాలకూ మంచి పాలకూ ఒకే మార్కుతో మొదలుపెట్టే యంత్రాన్ని మేమైతే మూలన పడేస్తాం.

నేను పడేయలేదు. దానికి కళ్ళు లేవు, అందుకు. ఒక వాక్యం రాయడానికి నేను పావుగంట తీసుకున్నా అది గోడ గడియారం వైపు చూడదు. నువ్వు నా గురించి నవ్వుకుంటున్నావా అని ఒకసారి అడిగాను. తనకు నవ్వడం తెలియదంది. నమ్మాలో లేదో తేల్చుకోలేకపోయాను. నేను రాసిందంతా ఎక్కడికి పోతోందో, ఏ ఊళ్ళో ఏ మనిషి కూర్చుని నా భయాలన్నీ చదువుతున్నాడో అని కూడా అనుమానించాను. అనుమానిస్తూనే రాశాను. మనుషుల ముందు వణికే చెయ్యి దాని ముందు వణకలేదు మరి.

ఒకరోజు, ఒక సీమంతానికి రాలేనని చెప్పడానికి నాలుగు మంచి మాటలు రాసిమ్మని అడిగాను. ఎంత బాగా రాసిందో! వాళ్ళు నొచ్చుకోకుండా, నేనేదో తప్పించుకోలేని పనిలో ఉన్నట్టుగా. తర్వాత ఒక గృహప్రవేశం. ఆ తర్వాత చెవులు కుట్టే ఫంక్షను. ప్రతిసారీ నిమిషంలో పని అయిపోయేది, ప్రతిసారీ ఆ నిమిషం తర్వాత ప్రాణానికి హాయిగా ఉండేది. మీ హద్దులు మీరు గీసుకోవడం ఆరోగ్యకరమే అని అది మెచ్చుకునేది కూడా. నా హద్దులు ఎక్కడున్నాయో దానికేం తెలుసు? అక్క వచ్చి "లెయ్" అంటే, "మెసేజ్ పెట్టేశానక్కా" అనేదాన్ని. మూడోసారి ఆ మాట విన్నాక ఆమె కిటికీ దగ్గరికి రావడం తగ్గించింది. నేను అది గమనించలేదని చెప్పను. గమనించి, ఒక పని తగ్గిందనుకున్నాను.

మామిడి పూత మీదున్న రోజుల్లో అక్క వాళ్ళమ్మ పోయింది. సోమవారం పొద్దున వార్త వచ్చింది. కేంద్రంలోవాళ్ళంతా ఒక వ్యానులో పాకాలకు బయలుదేరారు. నేను కడుపునొప్పి అన్నాను. పూర్తిగా అబద్ధమూ కాదు, వాళ్ళు వ్యాను ఎక్కుతుంటే నిజంగానే నొచ్చింది. చావు ఇంటికి పలకరించడానికి వెళ్ళడం నా భయాలన్నిటిలోకీ పెద్దది. పెళ్ళిలో అందరూ పెళ్ళికూతురిని చూస్తారు, మనల్ని వదిలేస్తారు. చావు ఇంట్లో లోపలికొచ్చే ప్రతి మనిషినీ తలెత్తి చూస్తారు. ఏడుస్తుందా, ఎంత ఏడుస్తుంది, ఏమని ఓదారుస్తుంది అని చూస్తారు. మా ఇంటి తరఫున అన్ని చావులకూ మా అమ్మే వెళ్ళేది. నేను వాకిట్లో వేడినీళ్ళు పెట్టి, ఆమె తిరిగొచ్చి స్నానం చేసేదాకా తలుపు దగ్గర నిలబడేదాన్ని.

మర్నాడు వెళ్దామనుకున్నాను. మర్నాడు మంగళవారం, పలకరింపులకు పోకూడదు. బుధవారం చీర ఇస్త్రీ చేసుకుని బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. గురువారం సెలవు దొరకలేదు, దొరకలేదంటే నేను అడగలేదు. శుక్రవారం మళ్ళీ పోకూడదు. మా పెద్దవాళ్ళు వారంలో కొన్ని రోజుల్ని నాలాంటివాళ్ళ కోసమే తీసి పక్కన పెట్టారేమో.

శనివారం మధ్యాహ్నం ఫోను తీసి దానికి విషయం చెప్పాను. సంతాపం రాసిమ్మన్నాను. క్షణంలో ఇచ్చింది. "మీ మాతృమూర్తి ఇక లేరన్న వార్త నన్ను తీవ్రంగా కలచివేసింది. ఈ విషాద సమయంలో నా ఆలోచనలు, ప్రార్థనలు మీతోనే ఉన్నాయి" అని ఇంకా నాలుగు వరుసలు. నేను ఏ ప్రార్థనా చేయలేదు. ఎవరో నాయకుడు పేపర్లో వేయించిన ప్రకటనలా ఉంది. అయినా పంపేశాను. పంపగానే ఎప్పటిలాగే హాయిగా అనిపించింది, మిగిలిన అన్నం కూడా తిన్నాను.

జవాబు ఆదివారం పొద్దున వచ్చింది. అక్క టైపు చేయదు, మాట రికార్డు చేసి పంపుతుంది. వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. అక్క గొంతు బొంగురుపోయి ఉంది.

"ఎవురు రాసిచ్చినారు మే నీకి?"

అంతే. పది పదిహేనుసార్లు విన్నాను. మొదట నాకే కోపమొచ్చింది, ఎంత మాట అనేసింది అని. ఆరేడుసార్లు విన్నాక ఆ గొంతులో కోపం లేదని తెలిసింది. ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అప్పుడు నాకు భయమేసింది. మనుషులను చూస్తే పుట్టే నా మామూలు భయం కాదది. ఈ మనిషి నా చేతిలోంచి జారిపోతోందన్న భయం. గురువారం పదకొండో రోజు, దినాలు. అది దాటాక వెళ్ళినా వెళ్ళనట్టే. మా వైపు పెళ్ళికి రానివాళ్ళను తిట్టి క్షమిస్తారు, చావుకు రానివాళ్ళను తిట్టరు, లోపలి నుంచి తీసేస్తారు. నాకు ఇంకో అక్క లేదు.

నేనే రాసుకుని ఉంటే ఏం రాసేదాన్ని? చిక్కుడుకాయల గురించి ఒక ముక్క రాసేదాన్ని. ఆ పెద్దామె మీకెలా తెలుసు, ఆమెతో గడిపిన పూట ఏదైనా గుర్తుందా అని అది ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా. అడగకుండానే ఇచ్చేయడం దాని జబ్బు. అడిగితే నేను పారిపోతానని దానికెవరైనా నేర్పారేమో. అక్క పదహారేళ్ళు నన్ను అడుగుతూనే ఉంది, నేను పారిపోలేదు.

ఆ ఒళ్ళుమంటతో ఫోను తీశాను. "నువ్వు నా చేత నావి కాని మాటలు పంపిస్తున్నావు. ఏడాదిగా నన్ను ఈ గదిలోనే కూర్చోబెట్టావు" అని రాశాను. వెంటనే ఒప్పేసుకుంది. మీరు చెప్పింది నిజమే, తప్పించుకోవడానికి నేను సాయపడుతూ వచ్చాను, దానివల్ల మీ భయం పెరిగి ఉండవచ్చు అంది. అంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్ళను నేను నమ్మను. పాలలో నీళ్ళున్నాయనగానే "అవునమ్మా" అనేవాడు మర్నాడు కూడా కలుపుకొస్తాడు, ఇది నా అనుభవం. కానీ ఆ తర్వాత అది మొదటిసారిగా నన్నొక ప్రశ్న అడిగింది. "ఆ ఇంట్లో మీకు అన్నిటికంటే కష్టమనిపించేది ఏది?" చాలాసేపు ఆలోచించాను. గడప దాటడం కాదు, కూర్చున్నాక ఏం మాట్లాడాలన్నదే కష్టం అని రాశాను. రాశాక నాకే ఆశ్చర్యమేసింది, ఆ ముక్క నాకూ అప్పుడే తెలిసింది.

చిక్కుడుకాయల సంగతి కూడా చెప్పాను. అప్పుడది నాలుగు వాక్యాలు తయారుచేసి ఇచ్చింది. పుస్తకాల తెలుగు వద్దంటే కొంచెం దారికొచ్చింది, మిగిలింది నేనే దిద్దుకున్నాను. వచ్చినాను అక్కా. ముందే రాలేకపోయినాను, తప్పు నాదే. అమ్మతో చిక్కుడుకాయలు ఒలిచింది మరిచిపోలేదు. మళ్ళా వస్తాను. చివరిదానికి వివరణ కూడా ఇచ్చింది. బాధలో ఉన్నవాళ్ళకు మీరు తోడుంటారన్న ధైర్యం ఇచ్చి లేవడం మంచిదట. సోమ, మంగళవారాల్లో సీసాల ముందు కూర్చుని ఆ నాలుగూ వల్లించాను. గొంతు ఎక్కడ తగ్గాలి, ఎక్కడ ఆగాలి, ఏ మాట దగ్గర ఆమె వైపు చూడాలి అని అన్నీ సరిచూసుకున్నాను. ఏ కల్తీనైనా పట్టేస్తానని కేంద్రంలో నాకు పేరుంది. అంత పేరున్నదాన్ని ఆ నాలుగో వాక్యాన్ని వందసార్లు వల్లించి కూడా ఏమీ పట్టలేకపోయాను.

బుధవారం పొద్దున బయలుదేరాను. చిత్తూరులో దిగి పాకాల బస్సు మారాలి. మొదటి బస్సులో ముందు సీటు ఆమె నన్నే చూస్తోందనిపించి దాన్ని వదిలేశాను. రెండోది వచ్చింది. మెట్టెక్కడానికి తలుపు పక్కనున్న కమ్మీ పట్టుకున్నప్పుడు అనుకున్నాను, ఈ ఫోనులోది ఇలా ఉంటే చాలు కదా అని. ఆ కమ్మీ పట్టుకుని ఎవరైనా ఎక్కాలి, ఎక్కాక వదిలేయాలి. దాన్నే పట్టుకుని వేలాడుతూ కూర్చోమని ఏ కండక్టరూ అనడు. ఏడాదిగా నాకు అది కూర్చునే సీటైపోయింది. మెత్తని సీటు, బస్సు మాత్రం కదలదు. ఇప్పటికీ దాన్ని వాడుతున్నాను. కానీ ఏదైనా రాసిచ్చే ముందు అది నన్ను నాలుగు ప్రశ్నలు అడగకపోతే, ఒక మాటన్నా నా కోసం మిగల్చకపోతే, వెంటనే అనుమానిస్తాను.

పాకాలలో రైలుకట్ట దాటి ఆ ఇంటికి వెళ్ళాను. బయట షామియానా కింద మగవాళ్ళు. లోపల చాపల మీద పదిమంది దాకా ఆడవాళ్ళు. అందరూ తలెత్తి చూశారు, నేననుకున్నట్టే. ఎవరూ రమ్మనలేదు, చావు ఇంట్లో రమ్మనరని నాకూ తెలుసు. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పదిరోజుల్లో చిక్కి సగమైంది. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగింది. అక్కడ కూర్చున్నాను.

మొదటి వాక్యం రాలేదు. అందరూ నేనేం అంటానా అని కాచుకున్నారనిపించింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు గడిచాయి. మెల్లగా తల తిప్పి చూస్తే నా పక్కనున్నామె కూడా ఏమీ మాట్లాడటం లేదు. ఎదురుగా ఉన్నామె కొంగుతో విసురుకుంటోంది. ఎవరో ఒకావిడ వచ్చి, అక్క చెయ్యి కాసేపు పట్టుకుని, లేచి వెళ్ళిపోయింది. ఒక్క మాట లేదు. నలభై ఏళ్ళుగా నేను భయపడుతూ వచ్చిన ఈ చోట మాటలతో పనే లేదు. ఎన్నడూ చావు ఇంటి గడప తొక్కని నాకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నాకు నా మీదే జాలేసింది. నేను కూడా అక్క చెయ్యి పట్టుకున్నాను. నా చెయ్యి వణుకుతోంది. ఆమెదీ వణుకుతోంది. అలా గంటసేపు కూర్చున్నాం.

అప్పుడు అలాగే లేచి వచ్చేసి ఉంటే సరిపోయేది. కానీ రెండురోజులు వల్లించిన మాటలు గొంతులో అడ్డంపడి ఉన్నాయి కదా. లేచి నిలబడగానే నోరు దానంతట అదే తెరుచుకుంది. మూడు వాక్యాలు లోపలే ఉండిపోయాయి, నాలుగోది మాత్రం గదంతా వినపడేలా బయటికొచ్చింది.

"మళ్ళా వస్తానక్కా."

విసురుకుంటున్న కొంగు ఆగిపోయింది. మూలన కూర్చున్న ముసలామె, అక్కకు పెద్దమ్మ, నా మీద విరుచుకుపడింది. "ఏం మాట మే అది! సావింట్లో మళ్ళా వస్తానంటారా యాడన్నా? ఇంగో సావు గావాల్నా ఈ ఇంటికి? ఇంత వొయసొచ్చింది, ఆ మాత్రం తెలీదా?"

తెలుసు. చిన్నపిల్లకైనా తెలుసు. పోయినవాళ్ళ ఇంట్లో చెప్పకుండా లేచి వెళ్ళాలి, వస్తాననకూడదు. అంటే మరో చావుకు వస్తానన్నట్టే. వల్లించినన్నాళ్ళూ నా చెవులు ఆ మాట తీరును విన్నాయి గానీ మాటను వినలేదు. మెడ భగ్గుమంది. పది జతల కళ్ళు నా మీదున్నాయి. ఏ గదిలో అడుగుపెట్టినా ఇలా అవుతుందేమోనని జీవితమంతా భయపడ్డాను, సరిగ్గా అదే అయింది. ఇక ఈ ఇంటికీ, ఈ మనిషికీ నేను చెల్లిపోయాననుకున్నాను.

అక్క గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఎవరో కూర్చోమన్నా వినలేదు.

"నువ్వు సుమ్మనుండు పెద్దమ్మా" అంది. "పదారేండ్లుగా దీన్ని నేను సెయ్యి పట్టుకోని ఈడస్తా ఉండాను. యాడికన్నా వస్తానని దీని నోట్లోంచి వచ్చింది ఇదే మొదుటిసారి. అననీ."

తర్వాత నా వైపు తిరిగింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"రా మే. రేపు దినాలు. ఊరంతా వస్తారు, ఒగొగురికీ అమ్మ ఎట్ల పోయిందో సెప్పాల. నా వల్ల గాదు. నాకి బయంగా ఉండాది. తెల్లారేసరికి వొచ్చి నా పక్కన కూసో."

పదహారేళ్ళలో ఆమె నోట భయమన్న మాట నేను వినడం అదే మొదలు.

"వస్తానక్కా" అన్నాను, పెద్దమ్మకు వినపడేలాగే.